టాలీవుడ్ (పదచరిత్ర)

టాలీవుడ్: హైదరాబాదు కేంద్రంగా నడుస్తున్న తెలుగు చలనచిత్ర పరిశ్రమకు వాడుకపేరు. రెండు పేర్లను కత్తిరించి అతికిన ఇంగ్లీషు వ్యవహారపదం. మొదట ఇది బెంగాలీ సినిమా పేరు. అక్కడ నేటికీ వాడుకలో ఉంది.

పుట్టుక

దక్షిణ కలకత్తాలోని టాలీగంజ్‌కు 18వ శతాబ్దంలో అక్కడ కాలువ తవ్వించిన విలియం టాలీ పేరు వచ్చింది. 1931లో స్థాపించిన న్యూ థియేటర్స్ వంటి స్టూడియోలతో అది సినిమా పేటగా మారింది. తొలి భారతీయ టాకీ 'ఆలం ఆరా'కు శబ్దగ్రహణంలో తోడ్పడిన అమెరికన్ ఇంజనీరు విల్‌ఫోర్డ్ డెమింగ్ తరవాత కలకత్తాలో పనిచేశాడు. 1932లో 'అమెరికన్ సినిమాటోగ్రాఫర్' పత్రికలో ఆయన ఈ పేటను టాలీవుడ్ అని రాశాడు. టాలీ మనిషి పేరనీ, గంజ్ అంటే పేట అనీ వివరించాడు. ముందు 'హాలీగంజ్' అనే పేరును కూడా పరిశీలించారట. తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' విడుదలైందీ 1932లోనే. అయితే దానికీ ఈ మాటకూ సంబంధం లేదు.

తెలుగులోకి

తరవాత దశాబ్దాలపాటు తెలుగు సినిమా మద్రాసులోనే సాగింది.  బొంబాయి హిందీ సినిమాకు 'బాలీవుడ్' అన్న పేరు 1970లలో పుట్టింది; ఆంగ్ల రచయిత హెచ్.ఆర్.ఎఫ్. కీటింగ్ 1976 నాటి నవలలో అది కనిపిస్తుంది. అదే ఏడాది హైదరాబాదులో అన్నపూర్ణ స్టూడియోస్ మొదలైంది. పరిశ్రమ క్రమంగా ఇక్కడికి తరలింది. బాలీవుడ్ అచ్చులోనే కోడంబాక్కం పేరుమీద తమిళ సినిమా కోలీవుడ్ అయితే, తెలుగు సినిమా టాలీవుడ్ అయింది.

నిర్మాణం

రెండు టాలీవుడ్‌ల కూర్పు వేరు. కలకత్తా మాటలో 'టాలీ' మొత్తం ఊరిపేరు నుంచే వచ్చింది; 'హాలీ'తో ప్రాస కుదరడంతో అతుకు తెలియదు. తెలుగు మాటలో 'తెలుగు'ను ఇంగ్లీషులో రాసే మొదటి అక్షరం ఒక్కటే మనది, తక్కినదంతా హాలీవుడ్‌ది. అక్కడ పేటను చెప్పిన మాట ఇక్కడ భాషను చెబుతోంది.

వాడుక

పత్రికల సినిమా పేజీల్లో, టీవీ కార్యక్రమాల్లో ఈ పేరు విరివిగా కనిపిస్తుంది. హాళ్ల దగ్గర ప్రేక్షకుల నోట మాత్రం 'బొమ్మ' అన్న పాతమాట చెల్లుతూనే ఉంది. పరిశ్రమ ప్రధాన సంస్థల పేర్లలో టాలీవుడ్ అన్న మాట లేదు. నిర్మాతలు, పంపిణీదారుల ప్రధాన సంఘం పేరు తెలుగు ఫిలిం చాంబర్ ఆఫ్ కామర్స్.