ఇంజనుకు ముసుగు

మూత వేసిన గిన్నె త్వరగా చల్లారదు. కనుక నేటి కార్లలో ఇంజనుపై అలంకారమునకు బిగించు ప్లాస్టిక్ కప్పు దాని వేడిని పెంచునేమో యను సందేహము సహజమే. విమానముల చరిత్రలో దీనికి ఒక విచిత్రమైన సమాధానము కలదు.

1920 ప్రాంతపు విమానములలో పెక్కింటి ఇంజన్లను చల్లబరచునది గాలియే. బండిచక్రపు ఆకులవలె అమర్చిన సిలిండర్లను బయటికి తెరచి యుంచెడివారు. కాని అవే గాలికి అడ్డుపడి వేగమును తగ్గించెడివి. మూసినచో ఇంజను మాడిపోవునని భయము.

1927లో అమెరికాలోని లాంగ్లీ ప్రయోగశాలలో 20 అడుగుల వ్యాసముగల వాయుసొరంగము సిద్ధమయ్యెను. అందు ఫ్రెడ్ వీక్, అతని సహచరులు ఇంజనును పూర్తిగా కప్పి పరీక్షించిరి. తొలుత చల్లదనము చాలలేదు. అంతట లోపల పలకలమర్చి, ముందునుండి వచ్చు గాలిని మిక్కిలి వేడెక్కు భాగములపైకి మళ్ళించి, వెనుకకు దారి విడిచిరి. ముసుగులోనే ఇంజను చక్కగా చల్లబడెను! 1928లో ఈ ముసుగుతో ఒక కర్టిస్ విమానపు వేగము గంటకు 118 మైళ్ళనుండి 137 మైళ్ళకు పెరిగెను. 1929 సంవత్సరపు కోలియర్ బహుమతి దీనికే లభించెను.

మరి కారు మాట? అందు వేడిని ముఖ్యముగా కొనిపోవునది గొట్టములలోని ద్రవము. అది రేడియేటరులో చల్లారును. దాని ప్రవాహమును థర్మోస్టాటు అదుపు చేయును. ఈ ఏర్పాటు సక్రమముగా నున్నంతవరకు పైకప్పు ఇంజను వేడిని చెప్పుకోదగినంతగా మార్చదు. కప్పు క్రింది గాలి మాత్రము కొంత వెచ్చబడవచ్చును.

మూతను చూచి భయపడుటకు ముందు, వేడి ఏ దారిన పోవుచున్నదో చూడవలెను.