దెబ్బతిన్న పాస్‌పోర్టు

తడవడం, చిరగడం, కాలడం వంటి కారణాల వలన వివరాలు చదవడానికి గానీ, అసలైనదని నిర్ధారించడానికి గానీ వీలుకాని పాస్‌పోర్టును దెబ్బతిన్న పాస్‌పోర్టు అంటారు. గడువు మిగిలి ఉన్నా ఇది విదేశీ ప్రయాణానికి పనికిరాకపోవచ్చు.

అభ్యంతరానికి కారణాలు

వివరాల పేజీ అడుగున ఒక్కొక్కటి 44 అక్షరాలు గల రెండు వరుసలు ఉంటాయి. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నిర్దేశించిన ఈ వరుసలను యంత్రాలు చదువుతాయి. ఇవి చెరిగినా, ఫోటోపై పొర లేచినా, పేజీలు ఊడినా ఎవరో దిద్దారన్న అనుమానం కలుగుతుంది. ప్రవేశం దొరకని ప్రయాణీకుని వెనుకకు తీసుకురావలసిన బాధ్యత సాధారణంగా విమాన సంస్థదే. అందువలన బయలుదేరే విమానాశ్రయంలోనే ప్రయాణం ఆగిపోవచ్చు.

భారతదేశంలో నిబంధనలు

పాస్‌పోర్టుల చట్టం, 1967 ప్రకారం పాస్‌పోర్టు కేంద్ర ప్రభుత్వ ఆస్తి. అందులోని నమోదులను అధికారం లేకుండా మార్చడం 12వ సెక్షను క్రింద శిక్షార్హం. కనుక చెరిగిన అక్షరాలను స్వయంగా దిద్దరాదు. పాస్‌పోర్టు పునర్జారీకి దరఖాస్తు చేసి, నష్టం ఎలా జరిగిందో తెలిపే అఫిడవిట్టు జతపరచాలి. సంఖ్య, పేరు చదవగలిగి, ఫోటో చెక్కుచెదరకుండా ఉంటే తత్కాల్ పద్ధతిలోనూ దరఖాస్తు చేయవచ్చు. దెబ్బతిన్న పేజీలో వీసా ఉంటే, దాని చెల్లుబాటు గురించి ఆ దేశపు రాయబార కార్యాలయాన్ని అడగాలి.

విదేశాలలో ఉన్నప్పుడు

భారతీయులు సమీపంలోని భారత రాయబార కార్యాలయాన్ని గానీ, కాన్సులేటును గానీ సంప్రదించాలి. కొత్త పాస్‌పోర్టు వచ్చేవరకు ఆగలేనివారు అత్యవసర ధ్రువపత్రం కోరవచ్చు. ఇది భారతదేశానికి తిరిగి రావడానికి మాత్రమే ఉద్దేశించినది.