ఒక్కచోట రాసిన పేరు అన్ని చోట్లకు ఎట్ల పోతది?

పోస్టు కొంచెం పెద్దది, చివరిదాకా చదవండి.

మేము మేడ్చల్ దగ్గర హాస్టల్‌ల ఉండి డిగ్రీ చదువుతున్నం. మా ఇండ్లల్ల కాలేజీకి వచ్చినోళ్లం మేమే మొదలు. మాలో ఒకరి ఇంటిపేరు బానోత్. అడ్మిషన్ అప్పుడు కంప్యూటర్‌ల తప్పు ఎక్కింది. ల్యాబ్ లాగిన్, లైబ్రరీ, హాల్‌టికెట్, అన్నిట్ల అదే తప్పు. ఇట్ల ఎందుకైందని ల్యాబ్‌ల అడిగితే "డైరెక్టరీ సర్వీస్" అన్నరు. అప్పుడు దాని చరిత్ర చదివినం.

మొదట్ల ఆఫీసుల్లో ఏ కంప్యూటర్ లిస్టు దానికే ఉండేది. ఒక మనిషికి నాలుగు పేర్లు, నాలుగు పాస్‌వర్డ్‌లు. అందరి వివరాలు ఒకే పద్ధతిలో పెట్టాలని 1988లో ఎక్స్.500 అనే అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది. అది చిన్న కంప్యూటర్లకు బరువైంది. అమెరికాలో మిషిగన్ యూనివర్సిటీవాళ్లు దాన్ని తేలిక చేసి, 1993లో ఎల్‌డాప్ తెచ్చిన్రు. 2000లో విండోస్ 2000తో పాటు మైక్రోసాఫ్ట్ యాక్టివ్ డైరెక్టరీ వచ్చింది. ఇందులో ఒక సర్వర్‌ల మార్పు చేస్తే మిగతా సర్వర్లకు కాపీ అయితది. శామీర్‌పేట దిక్కు జీనోమ్ వ్యాలీలో ఉద్యోగానికి పోయినా ఇట్లాంటి లిస్టులోనే మన పేరు ఎక్కుతది. ఆ ఎంట్రీ ఆపేస్తే మెయిల్, ఫైళ్లు అన్నీ ఒక్కసారే బంద్ అయితయ్.

అందరి పేర్లు ఒక్కచోట రాసుడు మనకు కొత్త కాదు. 1871 నేరస్థ తెగల చట్టం కింద మనుషుల పేర్లు రిజిస్టర్‌ల ఎక్కించిన్రు. 1911 చట్టంతో వేలిముద్రలు కూడా తీసుకున్నరు. మద్రాసు రాష్ట్రంల మన ఎరుకలోళ్లను అట్లనే రాసిన్రు. ఊరు దాటాలంటే పోలీసులకు చెప్పాలె. ఆ పేరు కొట్టేయమని మేజిస్ట్రేట్‌ను అడగొచ్చని చట్టంల ఉండె, కానీ తీసేసుడు ఆయన ఇష్టం. 1952లో ఆ చట్టం పోయింది.

కాలేజీ లిస్టు, ఆ రిజిస్టర్ ఒకటే అని మేము అంటలేం. దీంట్ల తప్పుంటే దిద్దమని అడిగే హక్కు మనకుంది. మా దోస్తు రెండు వారాలు ఆఫీసు చుట్టూ తిరిగిండు. ఆ ఒక్క ఎంట్రీ దిద్దినంక ల్యాబ్, లైబ్రరీలల్ల పేరు దానంతట అదే మారింది. అచ్చయిన హాల్‌టికెట్ మాత్రం మారలే. దానికి మళ్లీ దరఖాస్తు పెట్టి, పరీక్ష ముందురోజు కొత్తది తెచ్చుకున్నడు.

కొత్తగా చేరే తమ్ముళ్లు, చెల్లెళ్లు మొదటి వారంలనే పదో తరగతి మెమో, కుల ధ్రువపత్రం, ఆధార్ పక్కపక్కన పెట్టి చూసుకోండి. కాలేజీలో మీ ఎంట్రీ ఎవరు రాస్తరో, ఎవరు దిద్దుతరో అడగండి. అడగనీకె సిగ్గు పడొద్దు.