మైపాడు దాకా వచ్చిన కాఫీ: మద్రాసు ఫిల్టరు, పారిస్ ప్రెస్సు

మైపాడు ఇసుకలో సరుగుడు పెరుగుతుంది, తాడి పెరుగుతుంది. కాఫీ మొక్క మాత్రం బతకదు. దానికి కొండ ఎత్తు కావాలి, చెట్ల నీడ కావాలి. అయినా నెల్లూరుకు పాతిక కిలోమీటర్ల లోపే ఉన్న ఈ తీరానికీ, దాని వెనకున్న ఇందుకూరుపేట మండలం పల్లెలకూ కాఫీతో తరాల పరిచయం ఉంది. ఇక్కడ తాగిన ప్రతి గింజా బయటినుంచి వచ్చిందే, అదీ చాలాకాలం మద్రాసు మీదుగానే వచ్చింది. ఇప్పుడు నెల్లూరు వంటిళ్లలో ఇత్తడి ఫిల్టరు పక్కన గాజు ఫ్రెంచి ప్రెస్సు కూడా చేరుతోంది. దాన్ని కొత్త ఫ్యాషన్ అని తోసేసేవాళ్లు కొందరు, ఫిల్టరును అటకెక్కించేవాళ్లు ఇంకొందరు. రెండూ తొందరపాటే. ఈ రెండు పరికరాల వెనకా ఉన్న కథ తెలిస్తే దేన్ని ఎప్పుడు వాడాలో తేలిగ్గా తెలుస్తుంది.

కాఫీ రాకముందు ఈ పల్లెల్లో పొద్దు చద్దన్నంతో మొదలయ్యేది. రాత్రి అన్నంలో నీళ్లు పోసి పులియబెట్టిన తరవాణి, గంజి, రాగి అంబలి, మజ్జిగ. పొలానికి వెళ్లేవాళ్లకూ, వేటకు వెళ్లే మత్స్యకారులకూ కడుపు నింపి పంపేవి అవే. తెల్లవారగానే కడుపులో వేడిగా, చేదుగా ఏదో పడాలన్న అలవాటు అప్పటికి లేదు.

కాఫీ గింజ ప్రయాణం అందరికీ తెలిసిందే. 17వ శతాబ్దంలో బాబా బుడాన్ అనే సూఫీ సాధువు యెమెన్‌లోని మోఖా రేవు నుంచి ఏడు గింజలు తెచ్చి చిక్కమగళూరు కొండల్లో నాటాడని చెప్పుకుంటారు. 1690ల్లో డచ్చివాళ్లు మలబారు తీరం నుంచి మొక్కలు జావాకు పట్టుకెళ్లారు. 19వ శతాబ్దంలో బ్రిటిషువాళ్లు మైసూరు, కొడగు, నీలగిరి కొండలను తోటలుగా మార్చారు. ఆ తోటల పంట ఎక్కువగా ఓడలెక్కి యూరప్ వెళ్లేది. దేశంలో మిగిలిందాన్ని తాగడం నేర్చుకున్న నగరాల్లో మద్రాసు ముందుంది.

ఆ మద్రాసు పుట్టుకలో నెల్లూరు తీరానికి వాటా ఉంది. ఇంగ్లీషు కంపెనీ 1626లో కోరమాండల్ తీరంలో ఏర్పరచుకున్న తొలి స్థావరాల్లో ఒకటి ఉమ్మడి నెల్లూరు జిల్లాలోని దుగరాజపట్నం. ఇంగ్లీషువాళ్లు దాన్ని ఆర్మగాన్ అన్నారు. అక్కడ వ్యాపారం సరిగా సాగక 1639లో కంపెనీ అధికారి ఫ్రాన్సిస్ డే దక్షిణానికి కదిలి మద్రాసులో చోటు సంపాదించాడు. ఈ తీరం వదిలి వెళ్లినవాళ్లు కట్టిన నగరమే, రెండు శతాబ్దాలు దాటాక, ఈ తీరానికి కాఫీ రుచి చూపించింది. చరిత్రలో ఇలాంటి మలుపులు దొరికినప్పుడు ఒక్క క్షణం ఆగి చూడాలనిపిస్తుంది.

మద్రాసుకూ నెల్లూరుకూ మధ్య మొదటి పెద్ద దారి నీటిదారి. 19వ శతాబ్దం తొలి ఏళ్లలో మద్రాసు నుంచి ఎన్నూరు వైపు మొదలైన కాలువ క్రమంగా ఉత్తరానికి సాగింది. 1877-78 కరవు పనుల్లో దాన్ని ఇంకా పొడిగించి, అప్పటి గవర్నరు పేరున బకింగ్‌హామ్ కాలువ అన్నారు. ఉప్పు, ధాన్యం, వంటచెరకు నింపుకున్న పడవలు ఈ తీరం వెంటే మద్రాసు చేరేవి. 1899లో బెజవాడ, మద్రాసుల మధ్య రైలు కలిసింది. దాంతో కోర్టు పనికి, చదువుకు, సరుకు బేరానికి నెల్లూరువాళ్లు మద్రాసు వెళ్లిరావడం మామూలైంది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా రాజధాని కూడా అదే. అక్కడి కాఫీ హోటళ్ల అలవాటు, గ్లాసు డబరాలతో సహా, ఇళ్లకు చేరింది.

ఈ వ్యాప్తిలో రుచి పాత్ర ఎంతుందో వ్యాపారం పాత్రా అంత ఉంది. 1930ల ఆర్థిక మాంద్యంలో ఎగుమతులు దెబ్బతిన్నాయి. 1935లో కాఫీ సెస్సు కమిటీ ఏర్పడింది. దేశంలోనే తాగేవాళ్లను పెంచాలని 1936లో బొంబాయిలో మొదటి ఇండియా కాఫీ హౌస్ తెరిచారు. 1942 చట్టంతో కాఫీ బోర్డు వచ్చింది. ఆ తర్వాత 1990ల దాకా రైతు పంటంతా బోర్డు నడిపే ఉమ్మడి పూల్‌కే వెళ్లేది. ఏ తోట గింజ ఎక్కడికి పోతోందో ఇంట్లో తాగేవాడికి తెలిసే వీలే లేదు.

ఇందుకూరుపేట మండలంలోనే కాఫీకి ఎదురుగాలీ వీచింది. 1921 ఏప్రిల్ 7న గాంధీజీ పల్లిపాడులో పినాకిని సత్యాగ్రహ ఆశ్రమాన్ని ప్రారంభించారు. టీ, కాఫీ, కోకో ఏవీ శరీరానికి అవసరం లేదని ఆయన ఆరోగ్యం మీద రాసిన పుస్తకంలో స్పష్టంగా చెప్పారు. ఖద్దరు కట్టిన ఇళ్లు కూడా ఆ ఒక్క మాట వినలేదు. ఆయన మీద గౌరవం తగ్గలేదు, ఫిల్టరూ పొయ్యి పక్కనుంచి కదల్లేదు.

ఫిల్టరు పని చాలా తెలివైన పని. పై గిన్నెలో మెత్తటి పొడి వేసి, కాడ ఉన్న చిల్లుల బిళ్ళతో అదిమి, మరిగిన నీళ్లు పోస్తే డికాషన్ బొట్టుబొట్టుగా కింది గిన్నెలోకి దిగుతుంది. నిదానమే దాని బలం. చిక్కటి డికాషన్ కొద్దిగా పోసి, మిగతా గ్లాసంతా పాలతో నింపుకోవచ్చు. చికోరీ కూడా ఇందుకే నిలిచింది. అది ఒక మొక్క వేరు. వేయించి పొడి చేసి కలిపితే రంగు, చిక్కదనం పెరుగుతాయి, ఖర్చు తగ్గుతుంది. నేటి నిబంధనల ప్రకారం కాఫీ చికోరీ మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదు, చికోరీ ఎంతో ప్యాకెట్ మీద రాయాలి. అంటే కాఫీ పేరుతో కొన్న కిలోలో దాదాపు సగం దాకా వేరు ఉండవచ్చు. పాలతో తాగితే ఆ తేడా పెద్దగా తెలియదు.

ప్రెస్సులో తెలిసిపోతుంది. దాని పుట్టుక పారిస్‌లో. 1852లో మేయర్, డెల్ఫోర్జ్ అనే ఇద్దరు పేటెంటు తీసుకున్నారు. కాడకు బిగించిన చిల్లుల రేకును కాఫీ నీళ్లలోకి దించే ఏర్పాటు అది. అంచులు గట్టిగా పట్టక మడ్డి పైకి వచ్చేది. 1929లో ఇటలీకి చెందిన అత్తిలియో కలిమానీ మెరుగైన నమూనాకు, 1958లో ఫలియెరో బొందానీనీ ఇంకో నమూనాకు పేటెంట్లు పొందారు. బొందానీనీ పరికరం ఫ్రాన్స్‌లో క్లారినెట్లు చేసే ఫ్యాక్టరీలో తయారై షాంబోర్ పేరుతో జనంలోకి వెళ్లింది. పేరు ఫ్రెంచిదే అయినా, నేటి రూపంలో ఇటలీ చెయ్యే ఎక్కువ.

పారిస్ నుంచి పరికరం ఇటు వచ్చిన కాలంలోనే ఆంధ్ర గింజ అటు వెళ్లింది. 1898లో తూర్పు గోదావరి మన్యంలోని పాములేరు లోయలో కాఫీ వేశారు. 1920ల నాటికి అది అరకు వైపు పాకింది. తర్వాత అటవీశాఖ, కాఫీ బోర్డు, గిరిజన సంక్షేమ సంస్థల చేయూతతో సిల్వర్ ఓక్ నీడన, మిరియాల తీగల పక్కన ఆదివాసీ రైతుల చిన్న కమతాల్లో విస్తరించింది. 2017లో పారిస్‌లోని 'లె మరే' ప్రాంతంలో అరకు పేరుతోనే దుకాణం తెరుచుకుంది. 2019లో అరకు లోయ అరాబికాకు భౌగోళిక గుర్తింపు దక్కింది. ఫ్రెంచివాళ్లు చికోరీ లేకుండా, పాలు లేకుండా రుచి చూసి మెచ్చిన మన్యం గింజను, మన ఇళ్లలో ఒక్కసారైనా అలా రుచి చూడకపోవడం లోటే.

అందుకు ప్రెస్సు సులువైన సాధనం. ఒకరిద్దరికి 350 మిల్లీలీటర్లది, నలుగురికి లీటరుది సరిపోతుంది. గాజు అయితే వేడికి తట్టుకునే బోరోసిలికేట్ అని చూసుకోవాలి. పిల్లలున్న ఇంట్లో స్టీలుదే మంచిది. జాలీ విడదీసి కడగడానికి వీలుండాలి, లేకపోతే పాత నూనె పేరుకుని రుచి చెడుతుంది. ఫిల్టరు పొడి ఇందులో వేయకూడదు. అది జాలీకి అడ్డుపడుతుంది, బలంగా నొక్కితే వేడినీళ్లు చేతిమీదికి చిమ్ముతాయి. పొడి బొంబాయి రవ్వలా ముతకగా ఉండాలి. 350 మిల్లీలీటర్లకు 20 గ్రాములకు కాస్త పైన వేసి, మరిగి అర నిమిషం ఆగిన నీళ్లు పోసి, ఒకసారి కలిపి, నాలుగు నిమిషాలు ఉంచి, నిదానంగా నొక్కాలి. వెంటనే గ్లాసుల్లోకి వంచేయాలి. అందులోనే ఉంచితే చేదెక్కుతుంది.

తీరం ఇళ్లకు రెండు జాగ్రత్తలు అదనం. బోరు నీళ్లలో ఉప్పదనం ఉంటే ఎంత మంచి గింజైనా చప్పబడిపోతుంది. తాగే మంచినీళ్లే కాఫీకీ వాడాలి. సముద్రపు గాలి తేమ పొడిని త్వరగా పాడుచేస్తుంది కాబట్టి గాలి చొరబడని డబ్బా, చిన్న ప్యాకెట్టు మేలు. ఇంకో మాట ఆరోగ్యం గురించి. కాఫీ నూనెలోని కెఫెస్టాల్‌ను కాగితపు ఫిల్టరు ఆపుతుంది, ప్రెస్సు జాలీ ఆపదు. అది చెడు కొలెస్టరాల్‌ను పెంచుతుంది. ఆ సమస్య ఉన్నవాళ్లు రోజూ ప్రెస్సు కాఫీ తాగకపోవడం మంచిది.

పాల కాఫీకి ఇత్తడి ఫిల్టరే సరి, ప్రెస్సు డికాషన్ పాలలో పలచబడిపోతుంది. పాలు లేని కాఫీకి ప్రెస్సు. రెండూ ఒకే వంటింట్లో ఉండవచ్చు. మైపాడువాళ్లయినా నెల్లూరువాళ్లయినా ప్రెస్సు కొనే రోజున దానితోపాటు అరకు అరాబికా వంద గ్రాములు కొనండి. చికోరీ లేదని ప్యాకెట్ మీద చదవండి, వేయించిన తేదీ చూడండి, పొడి ముతకగా పట్టమని అడగండి.