ఇల్లు – ఋతువులు

ఓరుగల్లు ప్రాంతపు పాత యిండ్ల చరిత్రలో గోడలతోపాటు, వానిని ఏటేట కాపాడినవారి శ్రమయు చేరవలెనని మేము తలంతుము.

ధర్మసాగరము చుట్టుపట్ల పల్లెలలో మట్టిగోడలు, గూనపెంకులు వేసవిలో ఇంటికి చలువ నిచ్చెను. మందపుగోడ పగటివేడిని ఆలస్యముగా లోనికి విడుచును. పెంకుల సందులనుండి వేడిగాలి వెలికి పోవును. అయితే కోతులు కదల్చిన పెంకులను జూన్ 8 ప్రాంతమున వచ్చు మృగశిర కార్తెకు ముందే సర్దింపవలెను. లేనిచో వాననీరు దిగి గోడ కరగును. రోహిణి ఎండలలో కలిగినవారు ద్వారములకు వట్టివేళ్ల తడికలు కట్టించి నీరు చల్లించిరి. ఆ నీరు ఆవిరియగుచు గాలిని చల్లబరచెను. చలికాలమున పెరటిపొయ్యిపై రాగికాగు నిలిచెను. లోపలి సున్నపుపొరను చింతపండుతో తోమనిచో కట్టెలు ఎక్కువ ఖర్చగును. ఈ పనులలో అధికభాగము ఇల్లాండ్రది, కూలివారిది.

నేడు దేవాదుల ఎత్తిపోతల పథకమున గోదావరి జలములు ధర్మసాగరము చెరువును చేరుచున్నవి. ఇండ్లకు కాంక్రీటు కప్పులు, గీజర్లు, కూలర్లు వచ్చినవి. గీజరులోను సున్నము పేరుకొనును. కూలరు మెత్తలను వేసవికి ముందు మార్చవలెను. పెంకు సర్దుట తెలిసిన పనివారు మాత్రము అరుదగుచున్నారు. వారుండగనే ఆ పనిని వ్రాసి యుంచుట మంచిది.