దుబాయ్ దారి: కొండ మీదా, కొండ కిందా

జూబ్లీహిల్స్ కొండ దిగితే ఫిలింనగర్. ఫిలింనగర్ దిగితే షేక్‌పేట, ఆ పక్కనే టోలీచౌకి. కొండ మీది నుంచీ దుబాయ్ పోతున్నారు, కొండ కింది నుంచీ దుబాయ్ పోతున్నారు. పైనుంచి పోయేవాడు 'రీలొకేట్' అయ్యాడంటారు. కిందినుంచి పోయేవాడు 'దుబాయ్ పోయిండు' అంటారు. ఒకే విమానం, ఒకే ఎడారి. మాటలు మాత్రం రెండు. ఈ రెండు మాటల మధ్య ఉన్న చరిత్ర ఏమిటని మేము అడగదలుచుకున్నాం.

ముందు పైవాడి సంగతి. షేర్లో, కరెన్సీయో, క్రిప్టోనో పొద్దున కొని సాయంత్రానికి అమ్మేసే డే ట్రేడర్ అతను. అతని లెక్క తేలిక. ఇక్కడ షేర్లలో ఇంట్రాడే లాభాన్ని స్పెక్యులేషన్ వ్యాపార ఆదాయం కింద కట్టి, శ్లాబు ప్రకారం 30 శాతం దాకా పన్ను వేస్తారు, పైన సెస్సు. దుబాయ్‌లో వ్యక్తి ఆదాయం మీద పన్నే లేదు. 2018లో 5 శాతం వ్యాట్ వచ్చింది, 2023 జూన్ నుంచి కంపెనీల లాభం మీద 9 శాతం వచ్చింది. సొంత డబ్బును సొంత పేరు మీద మదుపు చేసుకునేవాడి జోలికి ఆ రెండోది రాదు. కనుక సూట్‌కేసు సర్దుకుంటాడు. ఎవరూ అతణ్ని దేశభక్తి గురించి అడగరు. తెలివైనవాడంటారు.

పన్ను లేదని ఊరు మారడం దుబాయ్‌లో కొత్త కాదు. ఆ ఊరు పెరిగిందే అలా. 1900 తర్వాతి తొలి ఏళ్లలో ఇరాన్ ఒడ్డున ఉన్న లింగే రేవులో సుంకాలు పెంచారు. అక్కడి వ్యాపారులు గల్ఫ్ దాటి దుబాయ్‌కి వచ్చేశారు. అప్పటి పాలకుడు మక్తూమ్ బిన్ హషర్ సుంకాలు ఎత్తేసి వాళ్లను రమ్మన్నాడు. బస్తక్ నుంచి వచ్చినవాళ్లు కట్టుకున్న వాడ బస్తకియా పేరుతో నిలిచిపోయింది. ముత్యాలు, ఆ తర్వాత బంగారం, ఆ తర్వాత 1985లో జబల్ అలీ ఫ్రీ జోన్. సరుకు మారింది, సూత్రం మారలేదు.

మరి హైదరాబాదు? నిజాం రాజ్యమూ చాలాకాలం ఆదాయపు పన్ను లేకుండానే నడిచింది. ఖజానా నిండింది భూమిశిస్తుతో, ఆబ్కారీతో, కరోడ్‌గిరీ సుంకాలతో. అంటే కట్టినవాడు తెలంగాణ రైతు, కల్లు తాగిన కూలీ. హవేలీలవాళ్లు కట్టింది తక్కువ. ఆ రాజ్యాన్ని తలుచుకుని మురిసిపోయే మావాళ్లకు ఈ మాట రుచించదు, అయినా చెప్పక తప్పదు. సొంత సిక్కా, 1943లో పుట్టిన సొంత స్టాక్ ఎక్స్ఛేంజి కూడా ఈ ఊరికి ఉండేవి. భారత ఆదాయపు పన్ను చట్టం ఇక్కడికి వచ్చింది 1950 ఏప్రిల్ 1న. ఆ ఎక్స్ఛేంజి 2007లో గుర్తింపు పోగొట్టుకుంది.

ఇంకో సంగతి మా పిల్లలకు కూడా తెలియదు. ఒకప్పుడు బతుకుతెరువు కోసం ఎడారి మనిషే హైదరాబాదు వచ్చేవాడు. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి అరబ్బులు వచ్చి నిజాం ఫౌజుల్లో చేరారు. వాళ్ల బ్యారక్సే నేటి బార్కస్. ఆ ఫౌజులో జమాదారుగా ఎదిగిన ఉమర్ బిన్ అవద్ అల్ ఖుఐతీ ఇక్కడ కూడబెట్టిన సొమ్ముతో అక్కడ రాజ్యానికి పునాది వేశాడు. ముకల్లా రాజధానిగా అతని వంశం 1967 దాకా ఏలింది. హైదరాబాదు సంపాదనతో అరబ్బు నేల మీద కోటలు లేచాయన్న మాట. మనియార్డరు అప్పుడు పడమరకు పోయేది.

పైసా కూడా ఇక్కడిదే. దుబాయ్ బజారులో 1966 దాకా చెల్లింది రూపాయే. 1959లో రిజర్వు బ్యాంకు ఆ దేశాల కోసం విడిగా గల్ఫ్ రూపాయి నోట్లు అచ్చేసింది. 1966 జూన్‌లో ఇందిరాగాంధీ ప్రభుత్వం రూపాయి విలువ తగ్గించాక వాళ్లు దాన్ని వదిలేశారు. అదే ఏడాది దుబాయ్‌లో చమురు పడింది. దిర్హమ్ వచ్చింది 1973లో. ఆ తర్వాత దారి తిరగబడింది.

తిరగబడిన దారిలో మేము పోయాం. ఎందుకు పోయాం? 1948 సెప్టెంబరులో పోలీసు యాక్షన్ జరిగింది. ఆ తర్వాతి హింసలో చచ్చినవాళ్లు 27 వేల నుంచి 40 వేల దాకా ఉంటారని పండిట్ సుందర్‌లాల్ కమిటీ అంచనా కట్టింది. ఆ నివేదిక దశాబ్దాల పాటు బయటికి రాలేదు. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. రద్దు కావలసినవే. కానీ జాగీరుతో పాటు దాని గుమాస్తా, సిపాయి, వంటవాడు, దర్జీ కూడా రోడ్డున పడ్డారు. కచేరీ భాష మారింది, ఉర్దూ చదువు ఉద్యోగానికి పనికి రాకుండా పోయింది. పాతికేళ్లు అలా ఈడ్చాక, 1973 చమురు ధరలు గల్ఫ్ తలుపు తెరిచాయి. డ్రైవరు, మేస్త్రీ, ఏసీ మెకానిక్కు, ఇంజనీరు, నర్సు. ఒక్క మావాళ్లేనా? కరీంనగర్, నిజామాబాద్ పల్లెల నుంచి, రాయచోటి నుంచి, గోదావరి జిల్లాల నుంచి అన్ని కులాలవాళ్లూ పోయారు. అబ్బా అక్కడ, అమ్మీ ఇక్కడ, మధ్యలో రెండేళ్లకోసారి ఒక అట్టపెట్టె. టోలీచౌకి మేడలు అలా లేచాయి. 2023-24లో దేశానికి వచ్చిన ప్రవాసుల సొమ్ములో అమెరికా తర్వాత ఎక్కువ భాగం, 19.2 శాతం, యూఏఈ నుంచే అని రిజర్వు బ్యాంకు సర్వే చెప్పింది. కిందివాడు దుబాయ్ పోయింది సొమ్ము ఇంటికి పంపడానికి. పైవాడు పోయేది ఇక్కడ కట్టాల్సింది కట్టకుండా ఉంచుకోవడానికి. అనుమానం మాత్రం కిందివాడి మీద.

ఆ అనుమానాన్ని పెంచి పోషించిందెవరు? ఇక్కడ ఫిలింనగర్ పేరెత్తాలి. 1993 మార్చి బొంబాయి పేలుళ్ల తర్వాత 'దుబాయ్' అన్న మాట తెరమీద నేరానికి మారుపేరైంది. సముద్రం ఒడ్డున మేడ, నల్లకళ్లద్దాలు, ఫోనులో ఉర్దూ ముక్కలు, వాడి పేరు తప్పకుండా మా పేరే. 'దుబాయ్ పైసా' అంటే దొంగ పైసా. అద్దె ఇంటి కోసం పోయినా, పాస్‌పోర్టు విచారణకు పోలీసు వచ్చినా ఆ నీడ మా వెనకే ఉంటుంది. హిందీలో సాగర్ సర్హదీ 1982లోనే 'బాజార్' తీసి, గల్ఫ్ సొమ్ముకు హైదరాబాదు ఆడపిల్లను పెళ్లి పేరుతో ఎలా అమ్ముతారో చూపించాడు. ఆ నిజం మాకు చేదే, కానీ అందులో మేము మనుషులం. మన తెలుగులో 2007 నాటి 'దుబాయ్ శీను' హీరో దుబాయ్ బయల్దేరి, మోసపోయి బొంబాయిలోనే ఆగిపోతాడు. నవ్వించారు. కానీ నిజంగా అలా మోసపోయి బొంబాయి ఫుట్‌పాత్‌ల మీద పడుకున్నవాళ్ల కథ తీయడానికి 'గల్ఫ్' (2017) లాంటి ఒకటీ అరా సినిమాలే వచ్చాయి.

తమాషా ఏమిటంటే ఫిలింనగర్ కూడా తరలివచ్చినదే. మద్రాసులో ఉన్న తెలుగు పరిశ్రమను భూములు, రాయితీలు చూపించి ఇక్కడికి పిలిచారు. 1976లో అన్నపూర్ణ స్టూడియోస్ వచ్చింది, 80లలో ఫిలింనగర్ లేచింది. రాయితీ కోసం మద్రాసు వదిలారని ఎవరూ నిందించలేదు. నిందించాల్సిన పనీ లేదు. పక్కనే మణికొండలో హజ్రత్ హుస్సేన్ షా వలీ దర్గా పేర ఉన్నాయని వక్ఫ్ బోర్డు కొట్లాడిన 1654 ఎకరాలు ప్రభుత్వానివేనని 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. ఈ కొండల్లో నేలకు ఏం ధర పలుకుతుందో, అది ఎవరి చేతికి చేరుతుందో వేరే చెప్పాలా? ఇక ఇప్పుడు సినిమావాళ్లకు దుబాయ్ అంటే భయం లేదు. 2012లో సైమా అవార్డుల మొదటి పండగ దుబాయ్‌లోనే, 2023లోనూ దుబాయ్‌లోనే. విలన్ ఊరు విడిది అయింది.

మళ్లీ ట్రేడర్ దగ్గరికి. అతని లెక్కలో ఓ చిక్కుంది. ఎన్నారై అయ్యాక భారత షేర్లు పొద్దున కొని సాయంత్రం అమ్మడానికి వీల్లేదు, డెలివరీ తీసుకోవాల్సిందే. కనుక దుబాయ్‌లో పొద్దున ఏడూ నలభై ఐదుకు బొంబాయి మార్కెట్ తెరుచుకున్నా అతనికి ఆ ఆట లేదు. విదేశీ మార్కెట్లు, కరెన్సీ, క్రిప్టో మీద పడాలి. అసలు పన్ను కట్టడానికి లాభం ఉండాలిగా! 2021-22 నుంచి 2023-24 దాకా మూడేళ్లలో ఫ్యూచర్స్, ఆప్షన్స్ ఆడిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారని, పోయిన మొత్తం 1.8 లక్షల కోట్ల పైమాటేనని సెబీ 2024 సెప్టెంబరులో చెప్పింది. నష్టానికి ఎక్కడైనా పన్ను సున్నాయే.

అయినా అతనికి తలుపు తీసే ఉంటుంది. ఇరవై లక్షల దిర్హమ్‌ల ఇల్లు కొంటే పదేళ్ల గోల్డెన్ వీసా, పెళ్లాం పిల్లలతో సహా. కూలికి పోయినవాడు ఆలుబిడ్డల్ని పిలిపించుకోవాలంటే నెలకు నాలుగు వేల దిర్హమ్‌ల జీతమో, మూడు వేలూ వసతీనో చూపించాలి. లేబర్ క్యాంపు గదిలో బంకు మంచం మీద పడుకునే మేస్త్రీకి అది అందని లెక్క. వాడు పదో తరగతి కూడా గట్టెక్కకపోతే, ఇంకా శంషాబాద్‌లో విమానం ఎక్కకముందే, ప్రభుత్వ ప్రొటెక్టర్ దగ్గర ఎమిగ్రేషన్ అనుమతి తెచ్చుకోవాలి. కొండ మీది నుంచి వచ్చినవాడి పాస్‌పోర్టులో ఆ ముద్ర అడగరు.