బళ్ళారి పరదా, మన జబాన్



పోయిన నెల మా చిన్నమ్మాయి స్కూలు నుంచి మూతి ముడుచుకుని వచ్చింది. వార్షికోత్సవానికి నాటకం వేస్తున్నారట. ఈమెకు అత్తరు అమ్మే సాయిబు వేషం ఇచ్చారు. ఉన్నవి నాలుగే డైలాగులు. "నేను నీకి అత్తర్ ఇస్తాది, నువ్వు నాకి పైసల్ ఇస్తాడు" అనే వరస. బ్యాగు పక్కన పడేసి అడిగింది: "అబ్బా, మన ఇంట్లో ఎవరన్నా ఇట్లా మాట్లాడతారా?"

నేను నవ్వబోయి ఆగిపోయాను. ఉర్దూ మీడియం నుంచి వెళ్ళి తెలుగు డిగ్రీలో చేరిన రోజుల్లో కాలేజీ నాటకంలో నాకూ అదే వేషం వచ్చింది. నేను వేశాను. హాలంతా పడీపడీ నవ్వింది, చప్పట్లు కూడా బాగానే పడ్డాయి. పెద్దకడుబూరుకు వచ్చాక మాత్రం ఆ సంగతి మా దాదాకు చెప్పలేకపోయాను. ఆయనకు నాటకాలంటే షౌక్ లేక కాదు. చిన్నప్పుడు ఆయన బళ్ళారిలో చూసిన నాటకం ఖిస్సా నాకు ముందే తెలుసు కాబట్టి.

దాదాకు అప్పుడు పదహారు, పదిహేడేళ్ళు. పత్తి బండ్లతో ఆదోనికి పోయి, అక్కడ రైలెక్కి, గుంతకల్లు మీదుగా బళ్ళారి చేరి, ఇంట్లో చెప్పకుండా రాత్రంతా నాటకం చూసి వచ్చాడు. తిరిగొచ్చాక వాళ్ళ అబ్బా చేతిలో దెబ్బలు తిన్నాడు. మా ఇంట్లో పెద్దలకు నాటకం, బాజా అన్నీ లహ్వ్ ఓ లయిబ్, అంటే పనికిమాలిన ఆటపాటలు. నాటకం పేరు దాదా మరిచిపోయాడు గానీ ఒక్క మాట మాత్రం మరిచిపోలేదు: "పఠాన్ వేషం కట్టినాయన మనాయన కాదురా. కానీ మాట్లాడింది మన జబానే. ఖాలిస్ జబాన్. నేను సీదా కూర్చున్నా."

'సీదా కూర్చున్నా' అన్న ఆ మాట పట్టుకునే ఈ వ్యాసం రాస్తున్నాను.

ముందు ఒక సంగతి. దాదా జమానాలో బళ్ళారి మనకు పరాయి ఊరు కాదు, అదే మన జిల్లా కేంద్రం. 1800లో నిజాం ఈ సీమను కంపెనీకి అప్పగించాడు. ఆ తర్వాత ఆదోని తాలూకా చాలాకాలం మద్రాసు ప్రెసిడెన్సీలోని బళ్ళారి జిల్లా కిందే ఉండింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడే ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఇటు వచ్చాయి, బళ్ళారి అటు మైసూరులో కలిసింది. అంతకుముందు కోర్టు పనికైనా, కలెక్టరు కచేరీకైనా, తమాషాకైనా మనవాళ్ళు పోయింది బళ్ళారికే. అక్కడ బజారులో తెలుగు, కన్నడ, ఉర్దూ మూడూ నడిచేవి. కంటోన్మెంటు ఉండేది కాబట్టి ఇంగ్లీషు కూడా. ఇన్ని జబాన్‌లు కలిసిన ఊళ్ళో నాటకం పుట్టిందంటే ఆశ్చర్యమేముంది?

ఆ నాటకానికి దారి వేసింది బొంబాయి పార్సీ కంపెనీలు. 1850ల్లో బొంబాయిలో పార్సీలు నాటక సమాజాలు పెట్టారు. మొదట గుజరాతీలో ఆడినా, ఊరూరా తిరగాలంటే అందరికీ అర్థమయ్యే జబాన్ కావాలి కదా. అది మన హిందుస్తానీ. సరిగ్గా ఆ కాలంలోనే లక్నోలో ఆగా హసన్ అమానత్ రాసిన 'ఇందర్ సభ' వాళ్ళకు బంగారు గని అయింది. ఇంద్రుడి కొలువు, పరీలు, గజళ్ళు, నాచ్, అన్నీ ఒకే రాత్రిలో. 1872లో సర్ సాలార్‌జంగ్ పిలిస్తే విక్టోరియా కంపెనీ హైదరాబాదు దాకా వచ్చి ఆడింది. 1871 నాటికి బొంబాయి, మద్రాసుల మధ్య రైలు దారి కలిసిపోయింది. ఆ దారి మన ఆదోని మీదుగానే పోతుంది. పరదాలు, పెట్టెలు, హార్మోనియాలు రైలుకెక్కించుకుని ఊరూరా దిగడం కంపెనీలకు సులువైంది.

ఆ జమానాలో అమెరికాలో వాడవిల్ అనే తమాషా నడిచేది. ఒకే టిక్కెట్టు మీద పాట, ఆట, హాస్యం, గారడీ, కుస్తీ అన్నీ చూపించేవాళ్ళు. చిన్న ఊళ్ళలో కూడా దానికి ఒక హాలు ఉండేది. మన కంపెనీ నాటకమూ ఇంచుమించు అదే దారి. అసలు కథ హరిశ్చంద్రుడిదైనా, రాజకుమారిదైనా మధ్యలో హాస్యగాడు వచ్చి నవ్వించి పోవాల్సిందే. దర్బారు తెర, అడవి తెర, వీధి తెర ఒకదాని వెనక ఒకటి లేవాల్సిందే. నచ్చిన పాటకు జనం 'వన్స్ మోర్' అని అరిస్తే చచ్చి పడున్న పాత్ర కూడా లేచి మళ్ళీ పాడాల్సిందే. తెలుగు నాటకంలో 'పార్సీ మట్లు' అని పేరుపడిన వరసలు అక్కడి నుంచి వచ్చినవే. పరదా, తమాషా, మజా, హుషారు... ఈ మాటలు తెలుగువాళ్ళకు ఎవరూ పాఠంగా చెప్పలేదు. ఇట్లాంటి తమాషాల్లో, బజారుల్లో చెవిన పడి నాలుకకెక్కాయి.

హిందుస్తానీ నాటకాల మోజు ఎంత దూరం పోయిందంటే, మచిలీపట్నంలో నాదెళ్ళ పురుషోత్తమ కవి 1880ల్లో అక్కడి నేషనల్ థియేట్రికల్ సొసైటీ కోసం 32 హిందుస్తానీ నాటకాలు రాశాడు. రాసింది తెలుగు లిపిలో! తెలుగు కవి, తెలుగు నటులు, తెలుగు ప్రేక్షకులు, జబాన్ మాత్రం హిందుస్తానీ. నేను ఇప్పుడు ఉర్దూ మాటలను తెలుగు అక్షరాల్లో రాస్తుంటే "ఇదేం భాషయ్యా" అనేవాళ్ళకు చెప్పే జవాబు ఇదే. ఈ పని నేను మొదలుపెట్టింది కాదు. నూటనలభై ఏళ్ళ కిందటే ఒక తెలుగు పండితుడు చేసి చూపించాడు.

బళ్ళారికి వద్దాం. ఆ ఊరి నాటకానికి ఇద్దరు వకీళ్ళు రెండు స్తంభాలు. ఒకరు ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853-1912). 1886లో సరస వినోదిని సభ పెట్టి, మరుసటి ఏడు 'చిత్రనళీయం' ఆడించాడు. ఆంధ్ర నాటక పితామహుడని ఆయనకు పేరు. ఈ సభ 1891లో మద్రాసు పోయి ఆడితే, చూసిన పమ్మల్ సంబంధ ముదలియార్ అదే ఏడు సుగుణ విలాస సభ మొదలుపెట్టాడు. ఆధునిక తమిళ నాటకానికి ఆయన పెద్ద దిక్కు. అంటే మన జిల్లా ఊరు చూసి మద్రాసు నేర్చుకుంది. ఈ సంగతి మన పిల్లల పాఠాల్లో ఉందా? నేను చూడలేదు.

రెండో ఆయన కోలాచలం శ్రీనివాసరావు (1854-1919). సుమనోరమ సభ ఈయనది. లోకంలోని నాటకాల చరిత్ర మీద ఇంగ్లీషులో ఒక గ్రంథమే రాశాడు. పురాణాలతో పాటు తారీఖు మీద, అంటే చరిత్ర మీద ఆయనకు షౌక్ ఎక్కువ. అహ్మద్‌నగర్ కోట కాపాడిన చాంద్ బీబీ మీద నాటకం రాశాడు. విజయనగర పతనం మీద 'రామరాజు చరిత్ర' రాశాడు. ఆ నాటకంలో పఠాన్ రుస్తుం అనే పాత్ర ఉంది. దాన్ని వేసిన మనిషి బళ్ళారి రాఘవ.

రాఘవ (1880-1946) అసలు పేరు తాడిపత్రి రాఘవాచార్యులు. ధర్మవరం వారికి మేనల్లుడు, వృత్తికి వకీలు. పద్యాన్ని గంటసేపు రాగం తీసే జమానాలో, మనిషి బతుకులో ఎట్లా మాట్లాడతాడో స్టేజీ మీదా అట్లాగే మాట్లాడాలని పట్టుబట్టిన వాడు. ఆడవాళ్ళ వేషాలు ఆడవాళ్ళే వెయ్యాలని అప్పట్లోనే వాదించి, వాళ్ళతో కలిసి నటించాడు. 1928లో ఇంగ్లండు పోయి అక్కడి నాటకరంగాన్ని చూసొచ్చాడు. ఆయన కట్టిన వేషాలన్నిటిలో జనం చెప్పుకునేది పఠాన్ రుస్తుం.

ఇక్కడ నేను మీతో ఇన్సాఫ్‌గా మాట్లాడాలి. 'రామరాజు చరిత్ర' మనకు తియ్యని నాటకం కాదు. తళ్ళికోట యుద్ధం, 1565, ఒకవైపు విజయనగరం, ఇంకోవైపు దక్కన్ సుల్తానులు. ఇట్లాంటి కథ ఆడితే హాల్లో టోపీ పెట్టుకుని కూర్చున్నవాడి మీదకు నలుగురి చూపులు పోకుండా ఉంటాయా? హిందూ ముసల్మానుల మధ్య గొడవలు రేగుతాయన్న భయంతో సర్కారు ఆ నాటకాన్ని ఆపేసింది కూడా. సర్కారుకు నిజంగా మన అమన్ మీద అంత ఫికర్ ఉందా, లేక ఏ నాటకమైనా జనాన్ని ఒకచోట చేరిస్తే భయమా? 1876లోనే నాటకాలను అదుపు చేసే చట్టం తెచ్చిన సర్కారు అది. రెండూ ఉండొచ్చు.

కానీ హకీకత్ ఇంకోటి కూడా ఉంది. విజయనగర ఫౌజుల్లో ముసల్మానులు ఉన్నారు. రెండో దేవరాయల కాలంలోనే వాళ్ళను కొలువులో చేర్చుకుని, మసీదు కట్టించి, సలాం చేసేటప్పుడు వాళ్ళ మనసు నొచ్చుకోకుండా సింహాసనం ముందు ఖురాన్ షరీఫ్ పెట్టించాడని ఫరిష్తా రాశాడు. తళ్ళికోట తర్వాత మూడేళ్ళకు మన ఆదోని కోట బీజాపూరు చేతికి వచ్చింది. తర్వాత సిద్ది మసూద్ ఖాన్ కట్టించిన షాహీ జామియా మసీదులో మనం ఇప్పటికీ జుమ్మా చదువుతున్నాం. చరిత్ర రెండు రంగుల తెర కాదు. స్టేజీకి మాత్రం రెండు రంగులైతే సులువు.

మరి ఇంత చిక్కు కథలో ఒక బ్రాహ్మణ వకీలు పఠాన్ వేషం కట్టి ఎట్లా నిలబడ్డాడు? ఆయన ఆ మనిషిని వెక్కిరించలేదు. కోపం ఉంటే కోపంగా, గైరత్ ఉంటే గైరత్‌తో, నిండు మనిషిగా నిలబెట్టాడు. అందుకే ఆ వేషానికి అంత పేరు. అదే రాఘవ 1927లో గాంధీజీ ముందు హిందుస్తానీ నాటకం 'దీనబంధు కబీర్'లో కబీరుగా నిలబడ్డాడు. రామ్, రహీమ్ ఒకటే అన్న జులాహా ఆ కబీర్. ఎమ్మిగనూరు మగ్గాల పక్కన పెరిగిన మనకు ఆ నేతగాడు దగ్గరివాడే.

దీనికి పక్కనే ఇంకో దారీ నడిచింది. వేదం వేంకటరాయశాస్త్రి 'ప్రతాపరుద్రీయం' (1897) నాటకంలో పాత్రోచిత భాష తెచ్చాడు. ఎవరి పాత్రకు వాళ్ళ మాట. చాకలి మాట చాకలిది, తురక మాట తురకది. ఆ సూత్రం మంచిదే, నేనే కాదంటే అబద్ధమవుతుంది. అందరి నోటా గ్రాంథికం పలికించడం కంటే అది నయం. కానీ పెద్ద పండితుడి చేతిలో పనిముట్టు అయిన ఆ 'తురక తెలుగు' చిన్న చేతుల్లో పడి ఒట్టి నవ్వుల సామాను అయిపోయింది. కంపెనీ నాటకంలో హాస్యగాడి వంతు ఒకటి ఉండాలి కదా, అది సాయిబుకు అంటగట్టారు. తర్వాత సినిమా ఎత్తుకుంది. అక్కడి నుంచి స్కూలు వార్షికోత్సవానికి దిగింది. మా అమ్మాయి చేతిలోని కాగితం అట్లా వచ్చిందే.

ఇక్కడ ఒక పేరు తలుచుకోకపోతే పాపం. పిఠాపురం ఉమర్ అలీషా (1885-1945). సూఫీ పీఠం పెద్ద, తెలుగులో పద్యాలు, నాటకాలు రాసిన మహాకవి, ఢిల్లీ శాసనసభలో సభ్యుడు. ఆయన తెలుగు ముందు పండితులే తలవంచారు. పాత్రోచిత భాష అంటే సాయిబుకు ఒకే భాష ఉంటుందనుకునేవాళ్ళకు ఉమర్ అలీషా ఏ పాత్రలో ఇముడుతాడు?

1931లో 'ఆలం ఆరా' వచ్చింది. మన దేశపు మొదటి టాకీ. దాని కథ పార్సీ నాటకం నుంచి తీసుకున్నదే, జబాన్ హిందుస్తానీయే. మరుసటి ఏడు తెలుగులో 'భక్త ప్రహ్లాద' నడిచింది. అమెరికాలో వాడవిల్‌ను టాకీ మింగినట్టే ఇక్కడ కంపెనీలను మింగింది. ఒక్క సురభివాళ్ళు మాత్రం, 1885లో కడప జిల్లాలో మొదలైన కుటుంబం, ఇప్పటికీ పరదాలు దించకుండా నిలబడ్డారు. బళ్ళారి మనకు పక్క రాష్ట్రం అయిపోయింది. రాఘవను తెలుగువాళ్ళు, కన్నడంవాళ్ళు ఇద్దరూ మావాడంటారు. ఇద్దరూ అననిది ఒకటుంది. ఆ స్టేజీ మీద మూడో జబాన్ ఒకటి ఉండేదని. అది మనం చెప్పాలి. మనం చెప్పకపోతే చెప్పేవాళ్ళు లేరు.

ఆ రాత్రి మా అమ్మాయికి దాదా ఖిస్సా చెప్పాను. దెబ్బలు తిన్న కాడికి నవ్వింది. 'సీదా కూర్చున్నా' అన్న కాడ నవ్వలేదు. నా కాలేజీ వేషం సంగతి కూడా చెప్పాను, దాచలేదు. "మీరెందుకు వేశారు?" అంది. "నలుగురిలో కలవాలని" అన్నాను. కొంచెంసేపు ఆలోచించి, "నేను వేషం వేస్తా అబ్బా. డైలాగులు మాత్రం మార్చాలి" అంది.

ఇద్దరం కూర్చుని రాశాం. అత్తరు సాయిబు నవ్విస్తాడు, కానీ తన తెలివితో నవ్విస్తాడు. బేరమాడే ఆయనతో మంచి తెలుగులో మాట్లాడి, చివర్న మన దక్కనీలో ఒక మాట అంటాడు: "ఖుష్బూ కూ తోల్ నక్కో సాబ్, సూంఘో." వాసనను తూకం వేయొద్దు సాబ్, పీల్చి చూడండి.

మరునాడు కాగితం టీచరమ్మకు చూపించింది. ఆమె చదివి, "ఇదే బాగుంది, ముందే ఎందుకు చెప్పలేదు?" అన్నదట. పాపం, ఆమెకు కూడా ఎవరో ఇచ్చిన కాగితమే అది.

వచ్చే శనివారం నాటకం. ముందు వరసలో కూర్చుంటాను, ఇన్షా అల్లాహ్. సీదాగా.